నూటికి నూరు

రాత్రి రెండుం పావుకి తాతబాబు ఫోను:
"మేడమ్, సీటీ రాట్లేదు.
కాటా మీద బండుంది, బరువు పడతంది,
రాసుకోనంటంది."

రాసుకోనంటంది!
పదకొండేళ్ల ఉద్యోగంలో
ఇంత సరిగ్గా ఎవరూ నాకు రోగం చెప్పలేదు.

చున్నీ ముక్కుకి కట్టుకుని స్కూటీ తీశాను.
కాన్వెంట్ జంక్షన్ దాకా లారీలే.
హెడ్‌లైట్లలో మాంగనీసు దుమ్ము
ఎటూ పోకుండా నిలబడి ఉంది, వాటితోపాటే.

కాటా గది వెనక రేకుల కింద
ఒక ఏసీ, ఒక బల్లి, నల్లటి సర్వరు.
అడిగితే చెప్పింది: నూటికి నూరు.
బడిలో ఆ అంకెకి మాడుగుల హల్వా దొరికేది.

ఏం తిని నిండిందో చూశాను.
లారీకి నాలుగేసి ఫొటోలు,
ముందు, వెనక, పైన, నంబరు ప్లేటు,
తుఫాను ఏటి నుంచీ.
చెరపొచ్చా అని పైవాళ్లు ముగ్గురికి రాసి ఉన్నాను.
ఒకాయన రిటైరయ్యాడు.
ఒకాయన చూస్తానన్నాడు.
మూడో కుర్చీకి ఇప్పుడు ఇన్‌ఛార్జిని నేనే.
తుఫాను వారానికి ఒక ఫోల్డరుంది,
లోపల ఏమీ లేదు.
దాన్ని కూడా చెరపలేదు.

కొత్త డిస్కు పోయిన నెలే తగిలించి ఉంచాను,
పెళ్లికొచ్చిన స్టీలు సామానులా, స్టిక్కరు కూడా చింపకుండా.
ముందు దానికి బొట్టు పెట్టాలి,
తర్వాత గుంపులో కలపాలి,
గుంపు చేతిలో ఇప్పుడెంత ఉందో అడిగి
అందులోంచి వాల్యూమ్‌కి
రెండువందల జీబీ కొలిచి పొయ్యాలి.
పేరు చదివి, అంకె చదివి,
పేరు మళ్లీ చదివి, ఎంటర్.

పెరిగిందంది.
అడిగాను.
నూటికి నూరే.

కిటికీ ఊచలు పట్టుకుని ఒకాయన తెర చూస్తున్నాడు.
గరికిన పోలారావు, కాటా మీదున్న బండి అతనిదే.
"అవనేదా అమ్మా?"
"సగమైంది. చోటు కలిపాను,
కలిపిన సంగతి లోపలికింకా తెలీదు."

చెవి మీది బీడీ తీశాడు, చూశాడు,
మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.
"అలగైతే పైతాడు కట్టనేదు మీరు.
వలకి కొత్త ముక్క అల్లేస్తే సాలదమ్మా,
పైతాడు కూడా పొడుగు సెయ్యాల.
నేకపోతే ఆ ముక్క ముడతడిపోయి ఉంటాది,
సేప దాని ముందునించే ఎలిపోద్ది."
పడవ అమ్మేసి లారీ ఎక్కి నాలుగేళ్లట.
వేళ్లు ఇంకా గాల్లో ముడేస్తున్నాయి.

అతనన్న పైతాడే మిగిలింది నాకు,
ఫైల్‌సిస్టమ్‌ని పెరగమనే ఒక్క వరస.
దేన్నీ ఆపక్కర్లేదు, దించక్కర్లేదు,
ఒంటిమీదున్న జాకెట్టు కుట్టు విప్పి వదులు చేసినట్టు
నడుస్తుండగానే.
అయితే ఈ రకంది పెరగడమే గానీ తగ్గడం లేదు,
రేపు మనసు మారినా
ఇచ్చిన రెండువందలూ దానివే.
తెలిసే, వేలు కాసేపు ఆగింది.
వెనక ఎవరో హారన్ కొట్టాడు.
నొక్కాను.

అరవై రెండు.

ప్రింటరు గొంతు సవరించుకుంది.
తాతబాబు చీటీ చింపి, ఊది, కిటికీలోంచి ఇచ్చాడు.
కాటా ఇనుప పలక ఒక్కసారి పైకి లేచింది.
ఒకదాని వెనక ఒకటి బ్రేకులు వదిలిన చప్పుడు
జంక్షన్ దాకా వెళ్లింది.

టీ తెచ్చారు, చల్లారిపోయింది.
నేను ఆ మొదటి వరస దగ్గరే ఉన్నాను:
బండి నంబరు, మూడూ పది,
ముప్పై ఎనిమిది టన్నుల నాలుగువందల ఇరవై కేజీలు.
రోడ్డు కుంగదీసే బరువు,
డిస్కు మీద వంద అక్షరాలు కూడా పట్టలేదు.
ఫొటోలు మాత్రం ఎప్పటిలాగే
చోటు తిన్నాయి, నాలుగూ.
మొదటి దాంట్లో, అద్దం వెనక,
మసగ్గా, ఒక చెవి,
చెవి మీద బీడీ.